చిన్న బండి, పెద్ద లెక్క

మా అబ్బాయి ఎనిమిదో తరగతి. యుద్ధ ట్యాంకులంటే ప్రాణం. కిట్ కొందామంటే పెట్టెల మీద 1:72, 1:35, 1:24 అని రకరకాల అంకెలున్నాయి. ఏది కొనాలి?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

అసలు బండిని ఎన్నో వంతుకు తగ్గించారో ఆ అంకె చెబుతుందమ్మా. 1971 యుద్ధంలో మన సైన్యం నడిపిన టి-55 ట్యాంకు, ఫిరంగి గొట్టం కలపకుండా, ఆరు మీటర్ల పైచిలుకు పొడవు. 1:35లో అది సుమారు 18 సెంటీమీటర్లు, 1:72లో 9. మొదటి కిట్‌గా 1:35 కొనండి, చిన్న భాగాలు కూడా పిల్లల వేళ్లకు అందుతాయి. ఆ 35 ఎలా వచ్చిందో కూడా బాబుకు చెప్పండి. 1960ల మొదట్లో జపాన్ కంపెనీ తమియా పాంథర్ ట్యాంకు కిట్ తయారుచేస్తూ, లోపల మోటారు, బ్యాటరీలు పట్టేంత కొలత పెట్టింది. ఆ కొలతే లోకమంతటా ట్యాంకుల కిట్లకు వాడుక అయిపోయింది. కార్లకు 1:24 ఎక్కువ. జిగురు ఘాటుగా ఉంటుంది కాబట్టి కిటికీలు తెరిచి, పక్కన పెద్దవాళ్లు ఉండగానే అతికించనివ్వండి.

1:24 ఫోక్స్‌వ్యాగన్ బీటిల్‌కు ఎర్ర రంగు స్ప్రే చేశాను. కొన్నిచోట్ల బత్తాయి తొక్కలా గరుకు తేలింది, కొన్నిచోట్ల తెల్లటి పొర కమ్మింది. రంగు మంచిది కాదా?
– ఒక పాఠకుడు, విశాఖపట్నం

రంగు తప్పు కాకపోవచ్చు. తెల్లపొర మీ సముద్రపు గాలిలోని తేమ వల్ల వస్తుంది. థిన్నర్ వేగంగా ఆవిరై ఉపరితలాన్ని చల్లబరుస్తుంది, ఆ చల్లదనానికి గాలిలో తేమ రంగులోకి దిగుతుంది. ముసురు రోజున డబ్బా ముట్టుకోకండి. ఎండగా, పొడిగా ఉన్న పూట వేయండి.

గరుకుకు కారణం వేరు. దూరం నుంచి కొడితే రంగు గాలిలోనే సగం ఆరిపోయి పడుతుంది. పూత మందమైనా అంతే. ఇక్కడ లెక్క గుర్తుపెట్టుకోవాలి. నిజం కారు మీద ప్రైమరుతో సహా రంగు మొత్తం సుమారు 0.1 మిల్లీమీటరు. బొమ్మ మీద కూడా అంతే మందం వేశారంటే, నిజం కారుకు 2.4 మిల్లీమీటర్ల రంగు పులిమినట్టే. తలుపుల సందులు పూడిపోయి, అంచులు మొద్దుబారిపోతాయి. అందుకే 15-20 సెంటీమీటర్ల దూరం నుంచి పలుచగా, ఆరనిస్తూ, నాలుగైదు పూతలు వేయండి. ఇప్పుడున్న గరుకును వారం ఆరనిచ్చి, 2000 నంబరు ఎమరీ పేపరును నీళ్లలో తడిపి మెల్లగా రుద్ది, పాలిష్ పెట్టండి. హార్డ్‌వేర్ కొట్టులో దొరికే ఎన్.సి. థిన్నర్ మాత్రం దగ్గరికి రానివ్వకండి, ప్లాస్టిక్‌నే కరిగిస్తుంది.

కారు అద్దాలు సూపర్ గ్లూతో అతికిస్తే మర్నాటికి మసకబారాయి.
– ఒక పాఠకుడు, తెనాలి

ఆ జిగురు ఆవిరి అద్దం మీద తెల్లగా పేరుకుంటుంది. అద్దాలకు చెక్క పనికి వాడే తెల్ల ఫెవికాల్ చాలు. ఆరాక కనిపించదు, ఎక్కువైతే తడిగుడ్డతో తుడవొచ్చు.

1965లో అసల్ ఉత్తర్ దగ్గర బురదలో దిగబడ్డ ప్యాటన్ ట్యాంకును 1:35లో చేస్తున్నాను. పెరట్లో మట్టి వాడొచ్చా?
– ఒక పాఠకుడు, అనంతపురం

మంచి ఘట్టం ఎంచుకున్నారు. అక్కడ, పంజాబులోని ఖేమ్‌కరణ్ దగ్గర, మనవాళ్లు కాలువ నీళ్లు వదిలి పొలాలు ముంచారు, పాకిస్తాన్ ప్యాటన్లు ఆ బురదలో చిక్కాయి. మన ట్యాంకులు చెరకు తోటల్లో మాటు వేశాయి. కాబట్టి బురద లేకుండా ఈ బొమ్మకు అర్థం లేదు.

పెరటి మట్టి వాడొచ్చు కానీ, మిల్లీమీటరు ఇసుక రేణువు 1:35లో మూడున్నర సెంటీమీటర్ల గులకరాయి అవుతుంది. పంజాబు పొలంలోది మెత్తని ఒండ్రు. మీ మట్టిని దంచి, పలుచటి గుడ్డలో జల్లించి, ఆ పొడిని పి.వి.ఎ. జిగురుతో, అంటే తెల్ల ఫెవికాల్ లాంటిదానితో, కలపండి. గొలుసుల దగ్గర ముదురు రంగుతో మొదలుపెట్టి పైకి పోయేకొద్దీ లేతగా మార్చండి, ఎండిన మట్టి అలాగే ఉంటుంది. తడి కనిపించాల్సిన చోట మాత్రమే మెరుపు వార్నిష్ అద్దండి. టరెట్ మీద బురద ఎత్తిపోయకండి, అక్కడికి దుమ్మే చేరుతుంది. చెరకు కూడా పెడితే, రెండున్నర మీటర్ల గడ 7 సెంటీమీటర్లు మించకూడదు.

అంతా అయ్యాక ఫోనుతో ఫొటో తీసి పెద్దది చేసి చూడండి. అందులో గులకరాళ్లు కనిపిస్తే ఆ మట్టి కడిగేసి మళ్లీ జల్లించండి.