మెదడునకు కావలి

మానవుని మెదడు శరీరపు బరువులో నూటికి సుమారు 2 వంతులు మాత్రమే. అయినను శరీరము వినియోగించు ప్రాణవాయువులో నూటికి సుమారు 20 వంతులు దానికే వ్యయమగుచున్నది. ఇంతటి విలువగల యవయవమును ప్రకృతి మిక్కిలి జాగ్రత్తతో కాపాడుచున్నది. వెలుపల గట్టి కపాలము, దాని లోపల మూడు పొరలు, ఆ పొరల నడుమ నీటివంటి ద్రవము కలవు. ఇవి మెదడును దెబ్బలనుండి రక్షించును. కాని శత్రువు రక్తములో కలిసి లోనికి వచ్చినచో గతియేమి? దానిని నిలుపుటకు వేరొక కావలి కలదు. అది బయటపడిన విధము వినదగినది.

1885వ సంవత్సరమున పాల్ ఎర్లిఖ్ అను జర్మను శాస్త్రజ్ఞుడు జంతువుల రక్తములోనికి కొన్ని రంగుల నెక్కించి చూచెను. అవయవము లన్నింటికిని రంగు పట్టెను. మెదడునకు మాత్రము పట్టలేదు. రంగును గ్రహించు గుణము మెదడునకు లేదని ఆయన తలచెను. 1913లో ఆయన శిష్యుడైన ఎడ్విన్ గోల్డ్‌మన్ నీలిరంగును రక్తములోనికి గాక, మెదడు చుట్టునుండు ద్రవములోనికే ఎక్కించెను. ఈ మారు మెదడు నీలవర్ణమాయెను. తక్కిన శరీరమునకు రంగంటలేదు. రక్తమునకును మెదడునకును నడుమ నొక గోడ కలదని దీనివలన తేలెను. గురువుగారి మాటయైనను పరీక్షకు నిలిచిననే శాస్త్రమున ప్రమాణమగును.

ఆ గోడ యెచ్చట నున్నది? 1967లో రీస్, కర్నోవ్‌స్కీ అను శాస్త్రజ్ఞులు చిట్టెలుక మెదడును ఎలక్ట్రాన్ సూక్ష్మదర్శినితో పరీక్షించి దానిని చూపిరి. మెదడులోని అతి సన్నని రక్తనాళముల గోడయే ఆ కావలి. శరీరమున పెక్కుచోట్ల ఇట్టి నాళముల కణముల నడుమ సన్నని సందులుండును. మెదడులో నవి యొకదానితో నొకటి బిగిసి యతుకుకొని యుండును. గోనెసంచిలో పోసిన నీరు కారిపోవును. కంచు చెంబులోని నీరు కారదు. మెదడులోని నాళములు కంచు చెంబు వంటివి. ఈ యేర్పాటునకు రక్తమస్తిష్క అవరోధమని పేరు.

మరి మెదడున కాహార మెట్లు చేరును? ప్రాణవాయువు ఈ గోడను సులభముగా దాటును. గ్లూకోజును లోనికి చేర్చుటకు నాళపు కణములలో ప్రత్యేక వాహకములు కలవు. పెక్కు విషములును, సూక్ష్మజీవులును బయటనే నిలిచిపోవును. అయినను ఈ కావలి కన్నుగప్పునవియు లేకపోలేదు. సారాయి దీనిని తేలికగా దాటును. త్రాగినవాడు తూలుట కిదియే కారణము. కొన్ని క్రిములును లోనికి జొరబడి మెదడువాపు కలిగించును.

కావలివాడు శత్రువునేగాక యొక్కొక్కప్పుడు మిత్రునికూడ నాపును. పెక్కు మందులు రక్తమునుండి మెదడును చేరజాలవు. వణుకు పుట్టించు పార్కిన్సన్ వ్యాధిలో మెదడునందు డోపమిన్ అను పదార్థము తగ్గిపోవును. దానినే మందుగా నిచ్చినను గోడ దాటదు. కాని లెవోడోపా యను పదార్థము గోడను దాటి, లోపల డోపమిన్‌గా మారును. ఈ యుపాయముచేతనే ఆ రోగులకు నేటికిని చికిత్స జరుగుచున్నది.

మెదడులో పుట్టిన క్యాన్సరునకు మందు చేర్చుట వైద్యుల కిప్పటికిని కష్టసాధ్యమే. కోటను కూల్చకుండ ద్వారము తెరచు మార్గమును వారు వెదకుచున్నారు. విద్యార్థులారా! మీలో నెవ్వరైన రేపు దానిని కనుగొందురేమో!