‘కొంటాను’, ‘కొనేవాణ్ణి’: ఇఫ్ వాక్యాల తాళంచెవి

మాక్ ఇంటర్వ్యూల్లో నేను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది: ‘వాట్ వుడ్ యు డూ ఇఫ్ ఎ కస్టమర్ షౌటెడ్ ఎట్ యు?’ జవాబు చాలాసార్లు ‘ఐ విల్ లిజన్ టు హిమ్’ అనే మొదలవుతుంది. ఆలోచన మంచిదే, ఓర్పూ కనిపిస్తుంది. కానీ ‘వుడ్’తో అడిగినదానికి ‘వుడ్’తోనే చెప్పాలి: ‘ఐ వుడ్ లెట్ హిమ్ ఫినిష్ ఫస్ట్’. చురుకైన పిల్లలు ఇక్కడ తడబడుతుంటే నాకు బాధేస్తుంది. ఈ తేడా వాళ్లకు తెలియనిది కాదు, తెలుగులో రోజూ వాడుతున్నదే.

‘డబ్బుంటే బండి కొంటాను.’ ‘డబ్బుంటే బండి కొనేవాణ్ణి.’ మొదటి మాటలో ఆశ ఉంది. రెండోది వినగానే చేతిలో డబ్బు లేదని ఎవరికైనా అర్థమవుతుంది. ఇప్పుడు ‘చిన్నప్పుడు రోజూ చెరువుకు వెళ్లేవాణ్ణి’ అనే వాక్యం చూడండి. అదే ‘వాణ్ణి’. గడిచిన రోజుల అలవాటు చెప్పే రూపాన్నే మనం జరగని పనికీ వాడుకుంటున్నాం. ఇంగ్లిష్ చేసేదీ ఇదే. ‘ఇఫ్ ఐ హాడ్ మనీ, ఐ వుడ్ బై ఎ బైక్’లో ‘హాడ్’ నిన్నటి డబ్బు సంగతి కాదు, ఇవాళ జేబులో లేని డబ్బు సంగతి. ‘ఇఫ్ ఐ వర్ యు’లో ‘వర్’ కూడా అంతే, నేను నువ్వు కాలేను కనుక వచ్చింది. మాటల్లో ‘వాజ్’ వినిపిస్తుంది గానీ పరీక్షలో ‘వర్’ పెట్టడమే క్షేమం.

మరి తప్పెక్కడ జరుగుతోంది? పై రెండు వాక్యాల్లోనూ ‘డబ్బుంటే’ మారలేదు, చివరి క్రియ ఒక్కటే మారింది. ఇంగ్లిష్‌లో రెండు చోట్లా మారాలి. అందుకే మన కాలు ఎక్కువగా జారేది ‘ఇఫ్’ ఉన్న సగంలోనే.

ఒక జారుడు, ‘ఇఫ్ ఇట్ విల్ రెయిన్’. జరగబోయేది కదా అని ‘విల్’ పెట్టేస్తాం. అక్కడ ‘ఇఫ్ ఇట్ రెయిన్స్’ చాలు, ‘విల్’ రెండో సగానికి వదిలెయ్యాలి. ‘వెన్’, ‘అంటిల్’ తర్వాతా ఇంతే. అయితే ‘ఇఫ్’ పక్కన ‘విల్’ ఎప్పుడూ రాకూడదని బట్టీ పట్టకండి. ‘ఇఫ్ యు విల్ వెయిట్ ఎ మినిట్’ అంటే కాస్త ఆగండని బతిమాలడం, అది సరైన ఇంగ్లిషే.

రెండోది, ‘ఇఫ్ ఐ వుడ్ హావ్ నోన్’. ఇక్కడ తెలుగే దారి చూపిస్తుంది. ‘తెలిసి ఉంటే చెప్పేవాణ్ణి’లో ‘తెలిసి ఉంటే’ అన్నది ‘హాడ్ నోన్’, ‘చెప్పేవాణ్ణి’ అన్నది ‘వుడ్ హావ్ టోల్డ్’.

జీరో, ఫస్ట్, సెకండ్, థర్డ్ అని డబ్బాలు కట్టి నేర్పే పద్ధతి నాకు నచ్చదు. ‘అప్పుడా ఉద్యోగంలో చేరి ఉంటే ఇప్పుడు హైదరాబాద్‌లో ఉండేవాణ్ణి’ అన్న వాక్యం ఏ డబ్బాలో పడుతుంది? చేరకపోవడం గతం, ఉండకపోవడం వర్తమానం. ‘ఇఫ్ ఐ హాడ్ టేకెన్ దట్ జాబ్, ఐ వుడ్ బి ఇన్ హైదరాబాద్ నౌ.’ ఇది నిజంగా జరిగే వీలుందా, ఏ కాలం సంగతి అని ప్రతి సగానికీ విడివిడిగా అడిగితే క్రియ దానంతటదే వస్తుంది.

పోటీ పరీక్షల సంగతికొస్తే, ఎస్‌ఎస్‌సీ సీజీఎల్ టైర్-1లో ఇంగ్లిష్‌కు 25 ప్రశ్నలు, 50 మార్కులు. తప్పు జవాబుకు అర మార్కు పోతుంది. తప్పు కనిపెట్టే ప్రశ్నల్లో ‘ఇఫ్’ లేని వాక్యం ఎదురైతే మరీ జాగ్రత్త. ‘హాడ్ ఐ నోన్’ ప్రశ్నలా కనిపిస్తుంది గానీ ‘ఇఫ్ ఐ హాడ్ నోన్’ అనే దాని అర్థం. ‘షుడ్ యు నీడ్ ఎనీ హెల్ప్’ కూడా ఆ జాతిదే, రేపు ఆఫీసు మెయిళ్లలో మీరే రాయాల్సి వస్తుంది. ‘అన్‌లెస్’ కడుపులోనే ‘నాట్’ ఉంది కాబట్టి దాని పక్కన ‘డోంట్’ చేర్చొద్దు.

ఇక ‘వుడ్’ అలవాటయ్యాక కొందరు దాన్ని అన్నిచోట్లా వాడేస్తారు. చెన్నైలో పోస్టింగ్ ఇస్తే వెళ్తారా అని ఇంటర్వ్యూ బోర్డు అడిగిందనుకోండి. ‘ఇఫ్ ఐ వర్ సెలెక్టెడ్, ఐ వుడ్ గో’ అంటే వ్యాకరణం తప్పేమీ కాదు, కానీ ఉద్యోగం వస్తుందన్న నమ్మకం మీకే తక్కువగా ఉన్నట్టు వినిపిస్తుంది. వెళ్లడం ఖాయమైతే ‘ఇఫ్ ఐ యామ్ సెలెక్టెడ్, ఐ విల్ గో’ అనండి.