పంట చూసుకుని ప్రయాణం కట్టండి

వ్యవసాయ శాఖలో పాత వరంగల్ జిల్లా అంతా తిరిగి రిటైరైన మనిషిని. మా మనవళ్లు, వాళ్ల దోస్తులు హైదరాబాద్ నుంచి ఫోన్ చేసి, "తాతా, రెండు రోజులు సెలవు దొరికింది. మీ దిక్కు చూడ్డానికి ఏమున్నయ్?" అని అడుగుతుంటారు. రామప్ప, లక్నవరం, కాళేశ్వరం వాళ్లకు ముందే తెలుసు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి అంటే మాత్రం దారిలో బస్సు ఆగే చోట్లు, అంతే. నేను ఆ ఊళ్లకే పొమ్మంటాను. పోయేముందు కొన్ని మాటలు చెప్తాను.

1. సెలవులు చూసుకుని కాదు, పంట చూసుకుని పోండి. పండుగ రోజుల్లో పోతే మార్కెట్ గేటుకు తాళం ఉంటుంది. అక్టోబర్ చివర నుంచి పత్తి, వానాకాలం వడ్లు వస్తాయి. ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా మహబూబాబాద్ దిక్కు మిర్చి, కేసముద్రంలో పసుపు. ఏప్రిల్, మే నెలల్లో యాసంగి వడ్లు. జూన్‌లో తొలకరి పడ్డ వారం మాత్రం పోవద్దు. విత్తనాల దుకాణాల ముందు లైన్లు కట్టి ఉంటారు, మీతో మాట్లాడే తీరిక ఎవరికీ ఉండదు.

2. ముందురోజు రాత్రికే మానుకోట చేరండి. మహబూబాబాద్‌ను చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఇప్పటికీ మానుకోట అనే అంటారు. సికింద్రాబాద్ నుంచి గోల్కొండ, శాతవాహన రైళ్లు ఆగుతాయి. తెల్లారగానే చాయ్ తాగి మార్కెట్ యార్డుకు నడవండి.

మిర్చి తెచ్చిన రైతు బస్తాల మూతి విప్పి వరసగా పెడతాడు, లేదా రాశి పోస్తాడు. ఖరీదుదారు వచ్చి గుప్పెడు కాయలు తీస్తాడు. రంగు చూస్తాడు, కాయ విరిచి తేమ చూస్తాడు, తాలు ఎంత కలిసిందో చూస్తాడు. ఆ రోజు పలికిన అన్నిటికంటే పెద్ద ధరను జెండా పాట అంటారు. మర్నాడు పేపర్లో వచ్చేది అదే. యార్డులో ఉన్న రాశుల్లో చాలా వాటికి ఆ ధర రాదు. తెల్లారి పేపర్ చదివిన పట్నం మనిషి రైతుకు బాగా గిట్టిందనుకుంటాడు. 2016లో ఇ-నామ్ అనే ఆన్‌లైన్ మార్కెట్ వచ్చింది, ధరలు కంప్యూటర్‌లో వేస్తున్నారు, మంచిదే. కానీ కాయ చేతిలోకి తీసుకోకుండా ధర వేసే వ్యాపారిని నేను ఇంకా చూడలేదు. ఆ తర్వాత కాంటా. హమాలీ, దడువాయి, అడ్తి కమీషన్ పోను తక్‌పట్టీ అనే లెక్క చీటీ మీద ఒక అంకె మిగులుతుంది. విత్తనం, మందులు, ఏరిన కైకిలి, పిల్లల ఫీజులు అన్నీ ఆ అంకెలోనుంచే రావాలి. ఆ కాగితం చేతికొచ్చిన మనిషి ముఖం ఒక్కసారి చూడండి. మన వంటింట్లో కారం డబ్బా వెనక ఎంత కష్టముందో నేను పేజీలకు పేజీలు రాసినా అంత తెలియదు.

చెప్పులతో రాశి మీద అడుగు పెట్టకండి. కాయ పట్టుకుంటే చేతులు కడిగే దాకా కళ్లు నలపకండి. కాంటా నడుస్తుంటే మధ్యలో నిలబడకండి.

3. "ఎకరానికి ఎంత మిగిలింది?" అని ఎవరినీ అడగొద్దు. 1997–98లో ఈ జిల్లాలో పత్తికి లద్దె పురుగు పట్టింది. మందు మీద మందు కొట్టారు, పురుగు చావలేదు, అప్పు పెరిగింది. ఎందరో రైతులు ఆ పురుగుమందే తాగి చనిపోయారు. ఆ ఇళ్లలో పిల్లలుగా ఉన్నవాళ్లే ఇప్పుడు సేద్యం చేస్తున్నారు. లాభం లెక్క అడిగితే ఎవరికి ఏది గుర్తొస్తుందో మనకు తెలియదు. వాన ఎట్లా పడ్డది, ఏ విత్తనం వేశారు, బోరులో నీళ్లున్నాయా అని అడగండి. అట్లా అడిగితే రైతే పక్కకు జరిగి కూర్చోమంటాడు.

4. జనగామలో దిగితే పాలకుర్తి, కడవెండి చూడకుండా రావద్దు. ఈ నేల మీద పొలం ఎవరిది అన్న ప్రశ్నకు ప్రాణాలు పోయాయి. పాలకుర్తిలో చాకలి ఐలమ్మ కౌలు భూమిలో పండించిన పంటను విసునూరు దేశ్‌ముఖ్ మనుషులు ఎత్తుకుపోవడానికి వస్తే, దొరలకు ఎదురు నిలిచిన సంఘం అండతో నిలబడి గింజ పోనివ్వలేదు. 1946 జూలై 4న కడవెండిలో దొరల గూండాల కాల్పుల్లో దొడ్డి కొమరయ్య చనిపోయాడు. తెలంగాణ రైతాంగ సాయుధ పోరాటంలో తొలి అమరుడాయన. కవి పాల్కురికి సోమనాథుడిదీ పాలకుర్తే. నాగలి పట్టిన కవిగా తెలుగువాళ్లంతా తలచుకునే పోతనది పక్కనున్న బమ్మెర. ఇంత చరిత్ర ఇంత దగ్గర దగ్గరగా ఉన్న చోటు తెలంగాణలో ఇంకొకటి నాకు తెలియదు. కడవెండి స్థూపం దగ్గర కాసేపు నిలబడి, ఆ తర్వాత చుట్టూ ఉన్న చిన్న చిన్న చెక్కల పొలాలు చూడండి.

5. చెరువు కట్ట ఎక్కండి. మానుకోట దిక్కు బయ్యారం పెద్ద చెరువును కాకతి గణపతిదేవుని చెల్లెలు మైలాంబ తవ్వించింది. ఆమె వేయించిన శాసనంలోనే కాకతీయుల వంశక్రమం ఉంది. జనగామ దిక్కు ఇప్పుడు దేవాదుల ఎత్తిపోతలతో గోదావరి నీళ్లు చెరువుల్లోకి వస్తున్నాయి. వాటికోసం ఆ కరువు నేల ఎన్నేళ్లు ఎదురుచూసిందో ఊళ్లోని ముసలివాళ్లనే అడగండి.

6. తండాకు పోతే ముందు పెద్దమనిషిని కలవండి, కెమెరా తర్వాత. మానుకోట చుట్టూ లంబాడీ తండాలు ఎక్కువ. అద్దాల బట్టలు కట్టుకున్న ముసలమ్మను చాటుగా ఫొటో తీసేవాళ్లను చూస్తే నాకు కోపం వస్తుంది. ఆమె అనుమతి ఆమెనే అడగండి. వద్దంటే వద్దు.

7. భూపాలపల్లికి రైలు లేదు. హన్మకొండలో బస్సెక్కితే పరకాల మీదుగా పోవాలి. దారిలో చెల్పూరు కరెంటు ప్లాంటు, ఊళ్లో సింగరేణి గనులు. ఒకే ఇంట్లో అన్న గనిలో షిఫ్టు చేస్తే తమ్ముడు పత్తి చేనులో ఉంటాడు. పంట పోయిన ఏడు ఇంటిని నిలబెట్టేది ఆ జీతమే. ఈ సంగతి తెలియకుండా అందరూ కాళేశ్వరం బస్సులో నిద్రపోతూ ఊరు దాటిపోతారు. దిగండి. దగ్గర్లోనే గణపురం కోటగుళ్లు, ఆ ఊరి చెరువు ఉన్నాయి. రామప్ప దగ్గరి గుంపు అక్కడ ఉండదు. శిల్పాలు తీరిగ్గా చూడొచ్చు.

8. పైసలు ఆ ఊళ్లోనే ఖర్చు పెట్టండి. నీళ్ల సీసాలు, చిప్స్ ప్యాకెట్లు హైదరాబాద్ నుంచి కారులో నింపుకుపోవద్దు. సర్వపిండి, మక్క గారెలు దొరికినచోట తినండి. లాడ్జి మామూలుగా ఉన్నా ఒక రాత్రి అక్కడే ఉండండి. జనగామకు ముందు హైవే మీదే పెంబర్తి ఉంది. ఇత్తడి రేకును సుత్తితో కొట్టి బొమ్మ తేల్చే కళాకారులు అక్కడున్నారు. పని చేసిన మనిషి చేతినుంచే కొనండి, బేరమాడటం తగ్గించండి.

9. ఏప్రిల్‌లోనో మేలోనో పోతే అకాల వాన రావచ్చు. రోడ్డు మీదా, ఐకేపీ కొనుగోలు కేంద్రం ముందూ వడ్లు ఆరబోసి ఉంటాయి. తేమ శాతం తగ్గే దాకా కాంటా పెట్టరు కాబట్టి రైతు రోజులకొద్దీ అక్కడే కాపలా ఉంటాడు. మబ్బు పట్టగానే ఆడా మగా పిల్లా జెల్లా పర్దాలు పట్టుకుని ఉరుకుతారు. తడిసిన వడ్లు మొలకెత్తితే కొనేవాడు ఉండడు. ఆ సమయంలో మీరు అక్కడ ఉంటే వీడియో తీయకండి బిడ్డా. ఫోన్ జేబులో పెట్టి పర్దా కొస ఒకటి పట్టుకోండి.