వాద్యబృందపు నాదం నిలిచేదెట్లా?

(బి.ఎస్సీ. ద్వితీయ సంవత్సర విద్యార్థి)

కండక్టర్ అనంగనే మనకు హన్మకొండ బస్టాండు గుర్తొస్తది. సంగీతంలోనూ ఒక కండక్టరున్నాడు. ఆయన టికెట్టు కొట్టడు, కచేరీలో వాయిద్యమూ ముట్టడు. పదులకొద్దీ వాద్యకారుల ముందు నిలబడి ఎవరు ఎప్పుడు ఎత్తుకోవాలో, ఎంత మెల్లగా, ఎంత బలంగా వాయించాలో చేతులతో చెప్తాడు. ఆయన్ని వాద్యబృంద నిర్వాహకుడు అందాం. తనకంటూ శబ్దం లేని ఈ కళాకారుని కళ ఆయన తర్వాత ఎక్కడ మిగుల్తది? ఈ వ్యాసంలో విచారించదలచిన ప్రశ్న అదే.

ముందు కొంచెం భౌతికశాస్త్రం. ఒక వయొలిన్ 440 హెర్ట్జ్ దగ్గర, పక్కది 442 దగ్గర మోగితే సెకనుకు రెండు విస్పందనాలు వినబడతాయి. శ్రుతి కలుపుకుంటే ఆ దోషం పోతుంది. కాని శ్రుతి కలిసినంత మాత్రాన మనుషులు కలవరు. నాట్లేసేటప్పుడు చూడండి. అందరి చేతుల్లోనూ అదే నారు, కాళ్ళకింద అదే బురద. ఒకామె పాట ఎత్తుకుంటేనే వరుస వంకరపోకుండా నడుస్తది. మా నాయనమ్మ అట్లా ఎత్తుకునేది. ఆమె పాటల మాటలు మా ఇంట్లో కొందరికి ఇంకా నోటికి వచ్చు. కాని ఆమె ఎక్కడ ఆపేది, ఎక్కడ వేగం పెంచేది ఇప్పుడు ఎవరూ వినిపించలేరు. మాటలు నిలిచినయి, నడక పోయింది.

పాశ్చాత్యులకు నొటేషన్ ఉంది గదా, వారికి ఈ బాధ లేదనుకుంటాం. బెర్లిన్ ఫిల్హార్మోనిక్ బృందంతో ఆర్థర్ నికిష్ 1913లో బీథోవెన్ అయిదవ సింఫనీని రికార్డు చేశాడు. అప్పటికి మైకు వాడుకలో లేదు. వాద్యకారులు పెద్ద గరాటు ముందు కిక్కిరిసి కూర్చుని వాయిస్తే, ఆ శబ్దశక్తే సూదిని కదిలించి మైనంమీద గాడి గీసేది. ఒక్కో పక్కకు నాలుగైదు నిమిషాలు మించేది కాదు. సింఫనీ మొత్తానికి ఎనిమిది పక్కలు పట్టింది. ఆ కాలపు రికార్డుల్లో ముఖ్య పదార్థం లక్క. చెట్లమీద పురుగు పెట్టే ఈ లక్కలో చాలాభాగం మన దేశంనుంచే ఎగుమతి అయ్యేది! 1925లో విద్యుత్ మైకుతో ముద్రణ, 1948లో ఎల్.పి. రికార్డు వచ్చాయి.

నికిష్ 1922లో చనిపోగా ఆయన స్థానంలోకి విల్‌హెల్మ్ ఫుర్ట్‌వాంగ్లర్ వచ్చాడు. అదే సింఫనీని ఆయన 1926లో రికార్డు చేశాడు. యుద్ధానంతరం 1947లో బెర్లిన్‌లో మళ్ళీ చేసినప్పటి ముద్రణా ఉంది. కాగితంమీద స్వరం మారలేదు, నిర్వాహకుడూ మారలేదు. అయినా రెండూ ఒకటి కావు. ఆ తేడాను ఏ నొటేషనూ చెప్పలేదు, ముద్రణే చెప్తుంది. యుద్ధకాలంలో బెర్లిన్ రేడియో తీసిన ఆయన టేపులు 1945 తర్వాత సోవియట్ దేశానికి పోయినయి. వాటి ప్రతులు 1987లో బెర్లిన్‌కు తిరిగొచ్చినయి. ఎవరో ఒకరు జాగ్రత్తగా దాచబట్టే ఆ సంగీతం నేడు ప్రపంచానికి దక్కింది.

ఇక మన సంగతి. ఆకాశవాణి 1952లో ఢిల్లీలో జాతీయ వాద్యబృందాన్ని, అంటే 'వాద్యవృంద'ను ఏర్పాటు చేసింది. పండిత రవిశంకర్, టి.కె. జయరామయ్యర్ దాని తొలి నిర్వాహకులు. తర్వాత ఆ బాధ్యత వహించినవారిలో మన తెలుగువాడు, వైణికుడు ఈమని శంకరశాస్త్రి ఒకరు. 1922లో ద్రాక్షారామంలో పుట్టిన ఆయన మద్రాసు జెమినీ స్టూడియోలో పనిచేసి, ఆకాశవాణిలో చేరారు. చిట్టిబాబు ఆయన శిష్యుడే. శాస్త్రిగారు 1987లో కాలధర్మం చెందారు.

ఆయనకు ఎదురైన చిక్కు పాశ్చాత్య నిర్వాహకునికి లేదు. వీణమీద మెట్టు దగ్గర తీగను పక్కకు లాగితే తన్యత పెరుగుతుంది. పౌనఃపున్యం తన్యత వర్గమూలానికి అనుపాతంలో ఉంటుందని మనం ల్యాబులో సోనోమీటరుతో చూసిందే. ఆ లాగుడులోనే గమకం పుడుతుంది. రాసేటప్పుడు మాత్రం 'గ' అని ఒక్క అక్షరం రాస్తాం. ఎంత లాగాలి, ఎంతసేపు ఊపాలి అన్నది ఆ అక్షరంలో లేదు. ఒక్కరు వాయిస్తే అది ఆయన ఇష్టం. బృందమంతా ఒకే గమకం పలకాలంటే నిర్వాహకుడు వినిపించి నేర్పవలసిందే. కాబట్టి మన వాద్యబృందానికి అసలు గ్రంథం కాగితం కాదు, టేపు.

గ్రంథం పోతే ఏమవుతుందో ఓరుగల్లు వాళ్ళకు ఒకరు చెప్పనక్కరలేదు. గణపతిదేవుని గజసేనాని జాయపసేనాని రాసిన 'నృత్తరత్నావళి' మనకు దక్కింది. ఆయనదేనని చెప్పే 'వాద్యరత్నావళి' దొరకలేదు. 1213 నాటి రామప్ప గుడికి 2021లో యునెస్కో గుర్తింపు వచ్చింది. ఆ గోడలమీద మద్దెల వాయించేవారి వేళ్ళు ఎనిమిది వందల ఏళ్ళుగా అట్లనే ఉన్నయి. శబ్దం మాత్రం లేదు.

టేపుకు రాతికున్నంత ఆయుష్షు లేదు. ప్లాస్టిక్ పట్టీమీద జిగురుతో అంటించిన ఐరన్ ఆక్సైడ్ పొడి అది. తేమ తగిలితే జిగురు మెత్తబడి పొడి రాలుతుంది, బూజు పడుతుంది. ఎసిటేట్ రకమైతే వెనిగర్ వాసన కొడుతుంది. ఆ వాసన వస్తే ఇక ఆలస్యం చేయకుండా ప్రతి తీయించాలి. ఆకాశవాణి తన పాత టేపుల్ని డిజిటల్‌లోకి మార్చే పని చేపట్టింది. కాని రేడియో దగ్గర లేనివెన్నో మన ఇండ్లలో ఉన్నయి.

అధ్యాపకులకు, పూర్వ విద్యార్థులకు ఒక మనవి. మీ అటకమీద స్పూలు టేపులో, క్యాసెట్లో ఉంటే వాటిమీద కొత్తవి ఎక్కించకండి, పాత సామాన్లవానికి వేయకండి. పొడిచోట నిలువుగా పెట్టి, పాడినవారు, వాయించినవారు, ఊరు, సంవత్సరం రాసి అంటించండి. మన భౌతికశాస్త్ర విభాగం, విద్యార్థి సంఘం కలిసి వాటి ప్రతులు తీసి గ్రంథాలయంలో ఉంచవచ్చు. ఈ యేడు ఒక్క బీరువాతో మొదలుపెట్టినా చాలు. నాట్ల పాట ఎత్తుకునే అవ్వ మీ ఊళ్ళో ఇంకా ఉంటే, ఈ సెలవుల్లో ముందు ఆమె దగ్గరికి పోండి.