ముడి డేటా మీద చెయ్యి పడకుండా

చిరంజీవి మేనకోడలికి,

క్లేటన్‌లో కుదురుకున్నావు, మొనాష్ విశ్వవిద్యాలయంలో పరిశోధన మొదలైంది. ఇక నీ రోజులో సగం స్క్రిప్టులతోనే గడుస్తుంది. అక్కడే బ్లాక్‌బర్న్ రోడ్డు మీద 2007లో తెరిచిన ఆస్ట్రేలియన్ సింక్రోట్రాన్ ఉంది. 216 మీటర్ల చుట్టుకొలత ఉన్న దాని వలయంలో బీమ్‌టైమ్ (కొలతలకు కేటాయించే సమయం) కావాలంటే దరఖాస్తు పెట్టాలి, అది నెగ్గాలి, వాళ్లిచ్చిన పూటకే కొలతలన్నీ ముగించుకోవాలి. అలా దక్కిన ముడి డేటా మొనాష్‌లోని ఎం3 సూపర్‌కంప్యూటర్‌లో నీ ఫోల్డరులోకి చేరిందనుకో. దాన్ని శుభ్రం చెయ్యడానికి నువ్వు రాసే నాలుగు లైన్ల స్క్రిప్టుకి అక్కడ నీకున్న హక్కులన్నీ ఉంటాయి: చదవొచ్చు, రాయొచ్చు, చెరిపెయ్యొచ్చు. ఇతరుల ఫైళ్ల జోలికి పోకుండా ఆపరేటింగ్ సిస్టమ్ నిన్ను ఆపుతుంది గానీ, నీ ఫైళ్లను నీ బారి నుంచి కాపాడదు. అలాగని జాగ్రత్తగా ఉండమని చెప్పబోవడం లేదు. అలసిపోయిన రాత్రి ఎవరి జాగ్రత్తా పనిచెయ్యదు. పొరపాటు జరిగినా ముడి డేటా చెడకుండా స్క్రిప్టునే కట్టుకోవాలన్నది నా వాదన.

దీనికి క్యోటో విశ్వవిద్యాలయంలో జరిగినదాన్ని మించిన రుజువు నాకు కనబడదు. 2021 డిసెంబరులో అక్కడి సూపర్‌కంప్యూటర్ నిల్వలోంచి 77 టెరాబైట్లు, దాదాపు 3.4 కోట్ల ఫైళ్లు తుడిచిపెట్టుకుపోయాయి. 14 పరిశోధక బృందాల డేటా అది. చేసింది ఏ హ్యాకరో కాదు, పాత లాగ్ ఫైళ్లను తీసెయ్యాల్సిన ఒక బ్యాకప్ స్క్రిప్టు. దాన్ని చదవడానికి వీలుగా సవరించి, పాతది ఇంకా నడుస్తుండగానే కొత్తదాన్ని దాని మీదే రాసేశారు. దాన్ని నడిపే బ్యాష్ షెల్ స్క్రిప్టును మొత్తం ఒకేసారి మింగదు, నడుస్తూ కొద్దికొద్దిగా చదువుకుంటుంది. సగం దూరం వెళ్లాక దాని కాళ్ల కింద ఫైలు మారిపోయింది. విలువ ఇవ్వని వేరియబుల్ ఖాళీగా మిగిలింది. లాగ్ ఫోల్డరులో తుడవాల్సింది నిల్వలోని పరిశోధకుల ఫైళ్లను తుడిచింది. ఆ వ్యవస్థను సరఫరా చేసిన హెచ్‌పీఈ సంస్థ బాధ్యత తనదేనని ఒప్పుకుంది. అంతటి నిపుణులకే తప్పలేదు. కొత్త స్క్రిప్టును వేరే పేరుతో రాసి, చివర్లో పేరు మార్చి ఉంటే? నడుస్తున్న బ్యాష్ చేతిలో పాత ఫైలు చెక్కుచెదరకుండా ఉండేది, కొత్తది తర్వాతి విడత నుంచి అమలయ్యేది. ‘సెట్ మైనస్ యు’ అని పైన ఒక్క లైను ఉంటే, విలువ ఇవ్వని ఆ వేరియబుల్ తగలగానే స్క్రిప్టు ఆగిపోయేది.

ఇంత పెద్ద కథ అక్కర్లేదు, నీ టెర్మినల్‌లోనే చూడొచ్చు. ఒక ఫైలును సార్ట్ చేసి ‘>’ గుర్తుతో అదే ఫైలులోకి పంపు. ఫైలు ఖాళీ! సార్ట్ మొదలవకముందే షెల్ ఆ పేరున్న ఫైలును తెరిచి, ఉన్నదంతా తీసేస్తుంది. సార్ట్ చదివేసరికి ఏమీ ఉండదు. పైథాన్‌లో ‘డబ్ల్యూ’ మోడులో తెరిచినా ఇదే వరస. 3.3 నుంచి ‘ఎక్స్’ అనే మోడు ఉంది: ఆ పేరుతో ఫైలు ముందే ఉంటే రాయనని మొరాయిస్తుంది. షెల్‌లో ‘నోక్లాబర్’ చేసే పనీ అదే. ఇంతకంటే లోతైన ప్రమాదం సగం రాసిన ఫైలుది. జాబ్‌లకు వరస కట్టే స్లర్మ్ ఇచ్చిన గడువు తీరి నీ జాబ్ మధ్యలో ఆగితే, సగం మొండెమే ఉన్న సీఎస్‌వీ మిగులుతుంది. తలకట్టు సరిగ్గానే ఉంటుంది కనుక తర్వాతి స్క్రిప్టు కిక్కురుమనకుండా చదివి, ఉన్న వరసలకే సగటు తీసి ఇస్తుంది. ఆ సగటు నీ థీసిస్‌లోకి ఎక్కుతుంది. కాబట్టి ఫలితాన్ని తాత్కాలిక పేరుతో రాయి, పూర్తయ్యాక పైథాన్ ‘రీప్లేస్’తో అసలు పేరు పెట్టు. ఆ తాత్కాలిక ఫైలు అదే ఫోల్డరులో ఉండాలి. వేరే డిస్కులో ఉంటే ఒక్క దెబ్బతో అయ్యే పేరు మార్పు కాస్తా కుదరదని ‘రీప్లేస్’ మొరాయిస్తుంది.

చదవడం మాత్రం నిరపాయమనుకోకు. ఎవరో పంపిన టార్ మూటలో ‘పై ఫోల్డరుకి వెళ్లు’ అనే రెండు చుక్కల దారి దాగి ఉంటే, విప్పినప్పుడు అది నీకు హక్కున్న ఏ చోటైనా రాయగలదు. పైథాన్‌లో ఈ లోపం 2007లోనే నమోదైంది. దాన్ని అడ్డుకునే ఫిల్టరు వేరుగా అడగకుండానే పనిచెయ్యడం 2025లో వచ్చిన 3.14 నుంచి. పద్దెనిమిదేళ్లు!

బ్యాకప్ ఉందిగా మామయ్యా అంటావు. క్యోటోలో చెరిపింది బ్యాకప్ స్క్రిప్టే, పైగా నాలుగు బృందాల డేటా చివరికి తిరిగి రాలేదు. అదీకాక సగం రాసిన ఫైలును బ్యాకప్ గుర్తుపట్టదు, దాన్నీ భద్రంగా దాచిపెడుతుంది. ముడి ఫైళ్లకు రాసే హక్కు తీసేస్తే చాలదా అంటే, సగమే నిజం: లినక్స్‌లో ఫైలును తీసెయ్యడం ఫోల్డరు హక్కును బట్టి ఉంటుంది, ఫైలు హక్కును బట్టి కాదు. ఫోల్డరుకి కూడా రాసే హక్కు తీసెయ్యి. నా ఒక్కదాని స్క్రిప్టే కదా అనేది అన్నిటికంటే బలహీనమైన వాదన. ఒకే స్క్రిప్టును జాబ్ ఎర్రేగా వంద పనులకు పంపిన రోజున నువ్వొక్కదానివి కావు, వందమందివి. అందరూ ఒకే ఫలితం ఫైలులోకి రాస్తారు. ఒక్కో పనికి దాని నంబరుతో వేరే ఫైలు ఇవ్వు, చివర్లో కలుపు.

ఒక్క అభ్యంతరానికి మాత్రం తలవంచుతాను. పాతదీ కొత్తదీ కాసేపు పక్కపక్కనే ఉండాలి గనుక చోటు రెట్టింపు పడుతుంది, పెద్ద టోమోగ్రఫీ సెట్లకు క్వోటా చాలకపోవచ్చు. అప్పుడు మొత్తాన్ని ఒకేసారి కాక ముక్కలుగా నడుపు, లేదా మీ గైడును అడిగి క్వోటా పెంచమని రాయించు. ముడి ఫోల్డరులోనే సరిపెడదామని మాత్రం అనుకోకు.

ఇట్లు,
మీ మామయ్య