బెంగళూరు బండి బేరం



మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాలలో కారు కొనదలచినవారి చూపు, బెంగళూరు చేరువలోనే ఉండడం వల్ల, ముందుగా కేఏ నంబరు గల సెకండ్ హ్యాండ్ బండి మీద పడుతుంది. కుప్పం వారికైతే తమిళనాడు బండి కూడా అంతే దగ్గర.

అయితే అమ్మేవారు చెప్పే ధరతో ఆ బేరం ముగియదు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం 47వ సెక్షన్ ప్రకారం, ఒక రాష్ట్రంలో రిజిస్టరైన వాహనాన్ని మరో రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంచితే అక్కడి నంబరు తీసుకోవాలి; అందుకు పాత ఆర్టీవో కార్యాలయం ఇచ్చే నిరభ్యంతర పత్రం, అంటే ఎన్‌ఓసీ, తేవడమే కాక, ఆంధ్రప్రదేశ్‌లో లైఫ్ టాక్స్, అనగా ఏటేటా కాక ఒకేసారి కట్టే పన్ను, బండి వయసును బట్టి చెల్లించాలి. కర్ణాటకలో కట్టిన పన్నులో మిగిలిన కాలపు భాగాన్ని తిరిగి కోరవచ్చు గాని, దానికి వేరే దరఖాస్తు, వేరే తిరుగుడు. ఇవన్నీ కలుపుకుంటే, ఊళ్లో దొరికే ఏపీ నంబరు బండే మేలనిపించడం అరుదు కాదు.

ఆర్‌సీలో హైపోథికేషన్, అంటే అప్పు తీరేదాకా బండిపై బ్యాంకుకుండే హక్కు, నమోదై ఉంటే అది తొలగేవరకు అడ్వాన్సు ఇవ్వరాదు. ఇంజను కడిగి మెరిపించడం ఎవరికైనా చేతనవును. టైరు పక్కన అచ్చయిన నాలుగంకెలను చదివేవారే తక్కువ. అక్కడ 2319 అని ఉంటే ఆ టైరు 2019లో 23వ వారాన తయారైందని అర్థం. మీటరులో కిలోమీటర్లు తక్కువగా ఉండి, టైర్లు మాత్రం బండి కంటే బాగా కొత్తవైతే, కారణం అడిగి తీరాలి.

2025 సెప్టెంబరు 22 నుంచి చిన్న కార్లపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది గనుక, అంతకు ముందరి కొత్త కారు ధరను చూపి పాత బండికి వెల కట్టేవారి మాట చెల్లదు. బీమా లెక్కలో నాలుగేళ్లు దాటిన కారుకు 50 శాతం తరుగు వేస్తారు. ఆ తరుగును మొదటి యజమాని భరించడమే పాత కారులోని లాభం. నెలజీతం ఉన్నవారికి కొత్త కారు వాయిదాలు భారం కాకపోవచ్చు. మదనపల్లె మార్కెట్టులో టమాటా పలికే ధరపై నడిచే ఇంటికి మాత్రం చేతిలోని సొమ్ముకు వచ్చే పాత కారే తగినది.

కొన్నాక 14 రోజులలోపు బీమాను కొత్త యజమాని పేరుకు మార్చుకోవాలి. క్లెయిము లేని ఏళ్లకు ప్రీమియంలో దక్కే తగ్గింపు, అంటే నో క్లెయిమ్ బోనస్, బండితో రాదు, పాత యజమానితోనే పోతుంది.