వేవిళ్ళతో పనికి పోలేకపోతే ఉద్యోగం పోవలసిందేనా?



ఒకప్పుడు మన విచారణల్లో ఆడపిల్ల ఉద్యోగమంటే టీచరు, కాకపోతే నర్సు. ఇప్పుడు అలా కాదు. శ్రీసిటీకి, రేణిగుంటకు, కరకంబాడి వైపుకు పోయే కంపెనీ బస్సుల కోసం తెల్లవారకముందే రోడ్డు మీద నిలబడే ఆడపిల్లల్లో మన కుటుంబాల వారూ ఉన్నారు. బట్టల దుకాణాల్లో, ప్రైవేటు ఆసుపత్రుల్లో, మామిడి గుజ్జు ఫ్యాక్టరీల్లో, కంప్యూటర్ల ముందు పనిచేసే వారూ ఉన్నారు. పెళ్ళయిన ఏడాదికి వారిలో చాలామంది ఉద్యోగం మానేసి ఇంట్లో కనిపిస్తారు. ఎందుకు మానేశావమ్మా అని అడిగితే ఆ పిల్ల తల దించుకుంటుంది, అత్తగారు జవాబు చెబుతుంది: "నెల తప్పింది ఫాదర్, వాంతులతో పది దినాలు పోలేదు, రాసిచ్చేసి వచ్చేసినాది."

ఈ "రాసిచ్చేసి వచ్చేయడం" గురించే ఈ వారం మాట్లాడుకుందాం. ప్రసూతి సెలవు అనేది ఒకటుందని అందరికీ తెలుసు. కాన్పుకు ముందు కొన్ని వారాలు, తరువాత కొన్ని వారాలు. కానీ గర్భం వల్ల వచ్చే జబ్బు కాన్పు తేదీ దాకా ఆగి రాదు. వేవిళ్ళు మూడో నెలలోనే మంచాన పడేస్తాయి. రక్తహీనత ఉంటే నిలబడితే కళ్ళు తిరుగుతాయి. రక్తపోటు పెరిగి కాళ్ళు వాస్తే డాక్టరు పడుకొమ్మంటాడు. కొందరికి మధ్యలో రక్తస్రావం కనబడుతుంది. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే మన దేశంలో గర్భిణీ స్త్రీలలో 52 శాతం మందికి రక్తహీనత ఉన్నదని తేల్చింది. అంటే సగానికి పైగా. కనుక గర్భిణిగా ఉన్న ఉద్యోగిని కొన్ని రోజులు పనికి రాలేకపోవడం వింత కాదు, సోమరితనం అంతకన్నా కాదు.

మరి చట్టం ఏమంటుంది? మన దేశంలో ప్రసూతి చట్టం మొదట 1929లో బొంబాయి రాష్ట్రంలో వచ్చింది. అంతకు ముందటి సంవత్సరం ఆ బిల్లును సమర్థిస్తూ బొంబాయి శాసనమండలిలో మాట్లాడినవారిలో డాక్టర్ అంబేడ్కర్ ఒకరు. 1930ల నడుమ మద్రాసు రాష్ట్రం కూడా అటువంటి చట్టం చేసుకున్నది. అప్పటికి మన చిత్తూరు జిల్లా మద్రాసులోనే ఉన్నది గనుక మన అవ్వల కాలంలోనే ఇక్కడి ఫ్యాక్టరీ ఆడవారికి ఆ హక్కు కాగితం మీదైనా ఉన్నదన్నమాట. స్వాతంత్ర్యం వచ్చాక 1961లో దేశమంతటికీ ప్రసూతి ప్రయోజన చట్టం వచ్చింది. 2017 ఏప్రిల్ నుండి సెలవు 12 వారాల నుండి 26 వారాలకు పెరిగింది. ఇద్దరు బిడ్డలు ఉన్న తల్లికి మాత్రం 12 వారాలే.

ఇప్పుడు ఆ చట్టం విడిగా లేదు. 2020లో పార్లమెంటు చేసిన సామాజిక భద్రతా స్మృతిలో అది కలిసిపోయింది, ఆ స్మృతి 2025 నవంబరు 21 నుండి అమలులోకి వచ్చింది. పేరు మారింది, సెక్షన్ల అంకెలు మారాయి. మన విషయానికి కావలసిన నియమాలు మాత్రం దాదాపు అలాగే వచ్చాయి. ఫ్యాక్టరీలకు, పదిమంది లేదా అంతకు మించి పనిచేసే దుకాణాలకు, సంస్థలకు ఇది వర్తిస్తుంది. కాన్పు తేదీకి ముందటి 12 నెలల్లో కనీసం 80 రోజులు పనిచేసి ఉండాలి. ఒకప్పుడు 160 రోజులు ఉండేది, 1988 సవరణతో సగానికి తగ్గించారు.

చాలామందికి తెలియని సంగతి ఇక చెబుతాను. 26 వారాలు కాక, గర్భం వల్ల గానీ, కాన్పు వల్ల గానీ, నెలలు నిండకుండా బిడ్డ పుట్టినందువల్ల గానీ, గర్భస్రావం వల్ల గానీ జబ్బు చేస్తే, డాక్టరు సర్టిఫికెట్టు చూపితే మరొక నెల వరకు జీతంతో సెలవు ఉన్నది. గర్భస్రావం జరిగితే ఆరు వారాల సెలవు వేరే ఉన్నది. ఇలా చట్టం ఇచ్చిన సెలవులో ఉన్న కాలంలో ఆమెను తొలగించడం చట్టవిరుద్ధం. సెలవులో ఉండగా గడువు తీరేలా నోటీసు ఇవ్వడం కూడా చట్టవిరుద్ధమే. తిరిగి వచ్చాక జీతం తగ్గించడం, ఆమెకు నష్టం కలిగేలా ఉద్యోగ నిబంధనలు మార్చడం కూడా కుదరదు. గర్భిణిగా ఉండగా తొలగించినా, ఆ తొలగింపు లేకుంటే ఆమెకు రావలసిన ప్రసూతి డబ్బు పోదు. ఘోరమైన దుష్ప్రవర్తన జరిగిందని లిఖితపూర్వకంగా చెప్పిన సందర్భం ఒక్కటే దీనికి మినహాయింపు. వేవిళ్ళు దుష్ప్రవర్తన కాదు గదా!

ఈఎస్ఐ ఉన్నవారి విషయంలో 1948 నాటి చట్టమే ఇంకా సూటిగా మాట్లాడింది. గర్భం వల్ల, కాన్పు వల్ల పనికి తగని స్థితిలో ఉన్నదని సర్టిఫికెట్టుతో తేలిన ఉద్యోగినిని ఆ కాలంలో యజమాని తొలగించరాదు, శిక్షించరాదు అని దాని 73వ సెక్షన్ చెప్పింది. అంటే ఈ ఆలోచన నిన్న మొన్నటిది కాదు. ఈఎస్ఐలో జీతం పరిమితిని 2017లో నెలకు 21,000 రూపాయలకు పెంచడంతో మన ఫ్యాక్టరీ పిల్లలు చాలామంది దాని కిందికి వచ్చారు. అక్కడ ప్రసూతి డబ్బు యజమాని జేబులోంచి రాదు, కార్పొరేషను ఇస్తుంది. అయినా యజమానులు రాజీనామా అడుగుతున్నారంటే కారణం డబ్బు ఒక్కటే కాదన్నమాట. లైనులో ఒక మనిషి తగ్గుతుందన్న చికాకు అది.

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది, తేలికగా తీసివేయదగినది కాదు. "జబ్బు చేసి నెలల తరబడి రాకపోతే మగవాడిని కూడా తీసేస్తాం గదా ఫాదర్. ఇద్దరికీ ఒకటే రూలు. ఇందులో అన్యాయం ఏముంది?" అని ఒక మేనేజరు అడిగితే ఏం చెబుతాం?

సరిగ్గా ఈ ప్రశ్నే యూరపు న్యాయస్థానం ముందుకు వెళ్ళింది. బ్రిటన్‌లో రెంటోకిల్ అనే కంపెనీలో డ్రైవరుగా పనిచేసే ఒక స్త్రీ 1990లో గర్భవతి అయింది, దానివల్ల రకరకాల ఇబ్బందులతో పనికి పోలేకపోయింది. ఆ కంపెనీ నియమం ప్రకారం ఆడైనా మగైనా 26 వారాలు వరసగా జబ్బుతో రాకపోతే ఉద్యోగం పోతుంది. 1991 ఫిబ్రవరిలో ఆమెను తీసివేశారు. కేసు ఏళ్ళ తరబడి నడిచి, 1998 జూన్ 30న తీర్పు వచ్చింది. గర్భం వల్ల వచ్చే జబ్బు గర్భంలో భాగమే, అది పురుషునికి ఎన్నడూ రాదు, కాబట్టి గర్భకాలంలో ఏ దశలోనైనా ఆ జబ్బు కారణంగా పనికి రాలేదని తొలగించడం స్త్రీ అయినందుకు తొలగించడమే అవుతుందని న్యాయస్థానం తేల్చింది. 26 వారాల నియమం అందరికీ ఒకటే కదా అన్న వాదన నిలవలేదు.

సెమినరీలో తత్వశాస్త్రం చదివేటప్పుడు అరిస్టాటిల్ న్యాయం గురించి చెప్పినది మాకు పాఠంగా ఉండేది. సమానమైన స్థితిలో ఉన్నవారిని సమానంగా చూడాలి, స్థితి వేరైనప్పుడు ఆ తేడాను లెక్కలోకి తీసుకోవాలి అన్నది దాని సారం. అప్పుడు పరీక్ష కోసం చదివాం. మేనేజరు ప్రశ్నకు జవాబు అందులోనే ఉన్నది. మగవాని టైఫాయిడుకు, ఆడదాని టైఫాయిడుకు ఒకటే రూలు పెట్టండి, అది న్యాయమే. వేవిళ్ళకు, గుర్రపువాతానికి పోల్చడానికి మగవాని దగ్గర జబ్బు ఏదీ లేదు. పోలికే లేనిచోట ఒకే కొలత పెడితే బరువంతా ఒకరి మీదే పడుతుంది.

మన దేశపు కోర్టులూ ఈ దారిలో నడిచాయి, కొంచెం మెల్లగా. ఎయిర్ ఇండియాలో విమాన పరిచారికకు మొదటి గర్భం రాగానే ఉద్యోగం పోయే నియమం ఉండేది. 1981లో సుప్రీంకోర్టు దానిని కొట్టివేసింది. పదేళ్ళ తరువాత 1991లో జీవిత బీమా సంస్థ కేసు వచ్చింది. ఉద్యోగంలో చేరే స్త్రీ తన నెలసరి తేదీలు, గర్భస్రావాల వివరాలు ఫారంలో నింపాలట! ఒక ఉద్యోగిని అందులో తప్పు రాసిందని, ప్రొబేషనులో ప్రసూతి సెలవు తరువాత తొలగించారు. కోర్టు ఆమెను తిరిగి చేర్చుకోమన్నది, ఆ ప్రశ్నలను ఫారం నుండి తీసివేయమన్నది. 2000 మార్చి 8న ఢిల్లీ నగరపాలక సంస్థలో రోజుకూలీకి పనిచేసే స్త్రీల కేసులో, పర్మనెంటు కాదన్న కారణంతో ప్రసూతి ప్రయోజనం నిరాకరించరాదని చెప్పింది. 2023 ఆగస్టులో ఒక కాంట్రాక్టు డాక్టరు కేసులో, ఒప్పందం గడువు ముగిసినా ప్రసూతి డబ్బు పూర్తిగా చెల్లించవలసిందేనని చెప్పింది. అయితే గమనించండి, డబ్బు ఇమ్మన్నది గానీ కాంట్రాక్టును పొడిగించమనలేదు. మన కాంట్రాక్టు నర్సులకు, డేటా ఎంట్రీ పిల్లలకు ఈ తేడా తెలిసి ఉండాలి.

చట్టంలో లోటు లేదని నేను అనను. జబ్బుకు ఇచ్చేది ఒక్క నెల. నాలుగో నెల నుండి పడుకొని ఉండవలసిన తల్లికి అది ఏ మూలకు? మిగతా రోజులు ఆమె మామూలు సెలవుల్లోంచే సర్దుకోవాలి, అవీ అయిపోతే యాజమాన్యం దయ. బ్రిటన్ స్త్రీకి దొరికినంత విశాలమైన రక్షణ మన చట్టంలో అక్షరాలా రాసి లేదు. ఇక పదిమంది లేని దుకాణంలో పనిచేసే పిల్లకు, ఇళ్ళలో పాచిపని చేసే అమ్మకు ఈ ప్రసూతి నియమాలు అందవు. మన ఇళ్ళలో గిన్నెలు తోమే అమ్మాయి ఏడో నెలలో నాలుగు రోజులు రాకపోతే మనం ఏం చేస్తున్నాం? వేరే మనిషిని చూసుకుంటున్నామా, లేక ఆ నాలుగు రోజుల జీతం ఇచ్చి, వచ్చే నెల దాకా చోటు ఉంచుతున్నామా? ఇది కంపెనీలను అడిగే ముందు మన వంటింట్లో తేల్చుకోవలసిన సంగతి.

వంటింటి తరువాత మన బడులు, ఆసుపత్రులు. పోప్ రెండవ జాన్ పాల్ 1981లో మానవ శ్రమ గురించి వ్రాసిన విశ్వలేఖలో, తల్లి కావడం వల్ల స్త్రీ ఉద్యోగంలో నష్టపోకూడదని, పని ఏర్పాట్లే ఆమెకు అనువుగా మారాలని బోధించారు. ఆ విశ్వలేఖను సెమినార్లలో వివరించే మనమే, క్లాసు పాడవుతుందని గర్భిణీ టీచరును "జూన్‌లో మళ్ళీ చూద్దాంలే అమ్మా" అని పంపించామంటే వినేవాడు నవ్వడా? బడి నడిపే కష్టం నాకు తెలియనిది కాదు. ఈఎస్ఐ లేనిచోట ఆరు నెలల జీతం ఇచ్చి, ఆమె స్థానంలో ఇంకొకరికీ జీతం ఇవ్వడం చిన్న బడికి భారమే. ఆ భారం ఒక్క యజమాని మీద కాక బీమా ద్వారా అందరి మీదా పడాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1952 నుండీ చెబుతున్నది. అది ప్రభుత్వాన్ని అడగవలసిన మాట. అందుకు ఆ టీచరు చేత రాజీనామా రాయించడం పరిష్కారం కాదు.

రాజీనామా దగ్గరే చట్టమంతా చిక్కుకుంటుంది. తొలగిస్తే చట్టం అడ్డం వస్తుంది గనుక ఎవరూ తొలగించరు, "నువ్వే రాసిచ్చెయ్" అంటారు. రాసిచ్చిన కాగితం మీద స్వంత కారణాల వల్ల అని ఉంటుంది. ఆ తరువాత ఏ అధికారి దగ్గరికి పోయినా ముందు ఆ కాగితమే తీస్తారు. కనుక మన కుటుంబాలకు నేను చెప్పేది మొదట ఇది: జబ్బుగా ఉన్నప్పుడు దేని మీదా సంతకం పెట్టవద్దు, ఖాళీ కాగితం మీద అసలే వద్దు. ఇంటికి తెచ్చి చదివించుకొని ఇస్తానని చెప్పండి.

రెండవది, డాక్టరు చీటీలు పారవేయవద్దు. నెల తప్పిన సంగతి డాక్టరు సర్టిఫికెట్టుతో యాజమాన్యానికి రాతపూర్వకంగా తెలియజేయాలి. మన పిల్లలు సిగ్గుపడి ఐదో నెల దాకా దాచుతారు. చట్టానికి సిగ్గు తెలియదు, దానికి తేదీ కావాలి. పనికి పోలేని రోజున ఫోనులో సూపర్‌వైజరుకు చెప్పి ఊరుకోకుండా, సర్టిఫికెట్టు నకలుతో ఒక లేఖ పోస్టులో రశీదు వచ్చేలా పంపాలి. ఆ పని అల్లుడు చేయవచ్చు, మామగారు చేయవచ్చు. ఈఎస్ఐ ఉంటే ఈఎస్ఐ డాక్టరు సర్టిఫికెట్టే తీసుకోవడం మంచిది. కాన్పుకు ముందటి పది వారాల్లో బరువు పని, ఎక్కువ సేపు నిలబడే పని వద్దని ఆమె కోరితే చేయించరాదని కూడా చట్టంలో ఉన్నది. లైను దగ్గర ఎనిమిది గంటలు నిలబడేవారు ఇది అడిగి తీసుకోవాలి.

అయినా తీసివేస్తే కార్మిక శాఖ కార్యాలయంలో ఫిర్యాదు ఇవ్వాలి. పాత చట్టంలో అప్పీలుకు 60 రోజుల గడువు ఉండేది. కాన్పు అయ్యాక చూద్దాం అని కూర్చుంటే కాలం దాటుతుంది, తీసివేసిన వారంలోనే కదలాలి. వకీలుకు డబ్బు లేదని వెనుకాడనక్కర లేదు. 1987 నాటి న్యాయ సేవల చట్టం ప్రకారం ఆదాయంతో పని లేకుండా ఏ స్త్రీకైనా ఉచిత న్యాయ సహాయం దొరుకుతుంది. జిల్లా కోర్టులోని న్యాయ సేవాధికార సంస్థలో అడగవచ్చు, 15100 నంబరుకు ఫోను చేసినా దారి చెబుతారు. తెలుగులో రాసిన అర్జీ చాలు. రాయడం రానివారు ఆదివారం పూజ తరువాత చీటీలన్నీ తీసుకొని గుడి ఆఫీసుకు రండి. మా యువజనుల్లో ఇద్దరు ముగ్గురు చక్కగా రాయగలవారు ఉన్నారు.